గ్రూపు అప్పు ఎవరికెంత: ఓటు పెట్టాలా, అందరూ ఒప్పుకునేదాకా ఆగాలా?

అడిగింది: మాది 12 మంది ఉన్న డ్వాక్రా గ్రూపు, పెట్టి ఎనిమిదేళ్లయింది. ఈసారి బ్యాంకు లింకేజీ కింద గ్రూపు మొత్తానికి 12 లక్షల అప్పు వస్తోంది. ఐదుగురు తలా లక్ష పంచుకుందామంటున్నారు. నలుగురు అవసరం ఉన్నవాళ్లకు ఎక్కువ ఇవ్వాలంటున్నారు. ముగ్గురు పోయినసారి మేం తక్కువ తీసుకున్నాం కాబట్టి ఈసారి వంతు మాది అంటున్నారు. రెండు మీటింగులు గొడవతోనే అయిపోయాయి. నేను రెండో లీడర్ని. ఓటింగ్ పెట్టేయమంటారా, అందరూ ఒప్పుకునేదాకా ఆగమంటారా అక్కా? ఒకామె అయితే నాతో మాట్లాడటమే మానేసింది.

చెల్లీ, ఇప్పుడే ఓటింగ్ పెట్టకండి. అలాగని అందరూ ఒప్పుకోవాలంటూ నెలల తరబడి జరపకండి. మీ గ్రూపు రెండు ప్రశ్నల్ని కలిపేసి ఒకేసారి మాట్లాడుతోంది, చిక్కంతా అక్కడుంది. ఎవరికెంత అన్నది ఒక ప్రశ్న. దాన్ని ఏ లెక్కన తేల్చాలన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండోది ముందు తేలాలి. పద్ధతి తేలకుండా పేర్లలోకి వెళ్తే, నోరు తెరిచిన ప్రతి మనిషీ తన కోసమే మాట్లాడుతున్నట్టు మిగతావాళ్లకు వినపడుతుంది. ఆమె నిజంగా న్యాయమే మాట్లాడినా సరే.

నేను 1999లో మా ఊరి గ్రూపులో సభ్యురాలిగా చేరాను. రెండేళ్లు లీడరుగా చేశాను, నాలుగేళ్లు పుస్తకాలు రాశాను, ఆ తర్వాత చాలా ఏళ్లు సీసీగా, అంటే గ్రూపుల్ని చూసుకునే ఉద్యోగిగా, ప్రకాశం జిల్లా పడమటి ఊళ్లు తిరిగాను. వందల గ్రూపుల్లో చాప మీద కూర్చుని ఈ తగువే విన్నాను. అందుకే కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ లెక్కనే తీసుకుందాం. ఐదుగురు, నలుగురు, ముగ్గురు. చేతులెత్తమంటే ‘తలా లక్ష’ ఐదు ఓట్లతో గెలుస్తుంది. అంటే దాన్ని కోరుకోని ఏడుగురి మీద ఐదుగురి మాట నెగ్గినట్టు. ఇది బాగాలేదు, మూడింటినీ రెండు రెండు చొప్పున పోటీ పెడదాం అనుకున్నారనుకోండి. అక్కడ ఇంకో ముడి ఉంది. తలా లక్ష అనేవాళ్ల రెండో ఇష్టం అవసరం, ఆఖరిది వంతు కావచ్చు. అవసరం అనేవాళ్ల రెండో ఇష్టం వంతు కావచ్చు, ఎందుకంటే వాళ్లకు సమానంగా పంచడమే అన్నిటికన్నా నచ్చదు. వంతు అనేవాళ్లకు సమానమైనా పర్వాలేదు గానీ, అవసరం అంటే ఎప్పుడూ మాటకారులకే పోతుందని భయం ఉండొచ్చు. ఇప్పుడు లెక్క వేయండి. సమానానికీ అవసరానికీ పోటీ పెడితే సమానం 8-4తో గెలుస్తుంది. అవసరానికీ వంతుకూ పెడితే అవసరం 9-3తో గెలుస్తుంది. మరి వంతుకూ సమానానికీ పెడితే? వంతు 7-5తో గెలుస్తుంది. మూడూ గుండ్రంగా ఒకదాన్నొకటి ఓడిస్తున్నాయి.

అంటే ఏం జరుగుతుందో చూడండి. మొదట సమానాన్నీ అవసరాన్నీ పోటీ పెట్టి, గెలిచినదాన్ని వంతుతో పోటీ పెడితే చివరికి వంతు నిలుస్తుంది. మొదట అవసరం, వంతు పెడితే చివరికి సమానం నిలుస్తుంది. మొదట వంతు, సమానం పెడితే అవసరం నిలుస్తుంది. పన్నెండు మందిలో ఒక్కరి మనసు కూడా మారలేదు. ఏది ముందు అడగాలో ఎంచుకున్న మనిషే ఫలితాన్నీ ఎంచుకుంది. ఆ మనిషి మీరే అవుతారు, రెండో లీడరు కాబట్టి. మీరు ఏ దురుద్దేశమూ లేకుండా అడిగినా, ఓడినవాళ్లకు తర్వాత ఎవరో ఒకరు ఈ లెక్క విప్పి చెబుతారు.

ఇది మన ఊరి గ్రూపుల జబ్బు కాదు. ఫ్రాన్సులో కోండోర్సే అనే గణితవేత్త 1785లోనే ఈ చిక్కును రాసిపెట్టాడు. 1951లో అమెరికా ఆర్థికవేత్త కెన్నెత్ యారో ఇంకో మెట్టు ఎక్కి, మూడో అంతకన్నా ఎక్కువో దారులున్నప్పుడు మనం న్యాయమనుకునే కొన్ని మామూలు నియమాలన్నిటినీ ఒకేసారి నిలబెట్టే ఓటింగ్ పద్ధతి ఉండదని నిరూపించాడు. ఓటు చెడ్డదని నేననను. ఓటు ఆఖరి పని. దానికి ముందు మాట్లాడుకోవడం సరిగ్గా జరగకపోతే, గందరగోళాన్ని లెక్కపెట్టడం తప్ప అది చేసేదేమీ లేదు.

మరి అందరూ ఒప్పుకునేదాకా ఆగితే? వినడానికి బాగుంటుంది. కానీ ఆగితే ఎవరికి నష్టమో చూడాలి. బ్యాంకు డబ్బు రెండు నెలలు ఆలస్యమైతే ఇంట్లో కాస్త నిల్వ ఉన్న మనిషికి ఏమీ కాదు. కాలేజీ ఫీజు కట్టాల్సిన మనిషి బయట మూడు రూపాయల వడ్డీకి వెళ్తుంది. కాబట్టి ఆగగలిగిన మనిషి మాటే చివరికి చెల్లుతుంది. ఇంకో సంగతి, అందరూ ఒప్పుకుంటేనే అన్న నియమం పెడితే ఆఖరున ఒప్పుకోని ఒక్క మనిషి చేతికి తాళం ఇచ్చినట్టు. ఆమె మంచి మనిషైనా సరే, పదకొండు మంది చూపులు ఆమె మీదే ఉంటాయి. చివరికి అలసిపోయి ‘సరే కానీయండి’ అంటుంది. దాన్ని ఒప్పుకోలు అనలేం.

‘మౌనం అర్ధాంగీకారం’ అంటారు మనవాళ్లు. గ్రూపు మీటింగులో ఆ మాటను నమ్మొద్దు. ఎందుకో ఒక సంగతి చెబితే తెలుస్తుంది.

2000ల చివర్లో ఒక ఊళ్లో 11 మంది గ్రూపుకు 3 లక్షల 30 వేలు వచ్చింది. నేను అప్పుడు ఆ ఊరికి కొత్త. బడి వరండాలో మీటింగు. లీడరు ఇంట్లోంచి తెచ్చిన నీలం పట్టా పరిచారు. పదిమంది గుండ్రంగా కూర్చున్నారు, ఒకామె మాత్రం స్తంభానికి ఆనుకుని, పట్టా చివర ఒక మోకాలు నేల మీద, ఒక మోకాలు పట్టా మీద పెట్టుకుని కూర్చుంది. లీడరు ‘తలా ముప్పై వేలు పంచుకుంటే ఏ గొడవా ఉండదు, ఏమంటారు’ అంది. నలుగురు తలూపారు. మిగతావాళ్లు పుస్తకం వైపు చూశారు. స్తంభం దగ్గరామెను నేనే అడిగాను, ‘మీరేమంటారమ్మా’ అని. ‘మీ అందరికీ ఎట్టా బాగుంటే అట్టా’ అంది. పుస్తకంలో ‘సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అని రాశారు. సంతకాలు, రెండు వేలిముద్రలు. ఇరవై నిమిషాల్లో మీటింగు అయిపోయింది. బాగా జరిగిన మీటింగు అనుకుని ఇంటికొచ్చాను.

ఆరు నెలల తర్వాత కిస్తీలు తప్పడం మొదలైతే ఇల్లిల్లూ తిరిగాను. స్తంభం దగ్గరామెకు నిజానికి కావలసింది 70 వేలు, రెండు గేదెలకు. ముప్పై వేలు చేతికొచ్చాక మిగతా నలభై బయట వడ్డీకి తెచ్చింది. పాల డబ్బు వడ్డీకే చాలడం లేదు. ఇంకొకామెకు కావలసింది ఎనిమిది వేలు మాత్రమే. ముప్పై వేలూ చేతిలో ఉండేసరికి మరిది అడిగాడు, ఇచ్చేసింది. మరిది కట్టడం లేదు. తలూపిన నలుగురూ లీడరు వీధివాళ్లు. లీడరు చెడ్డదని కాదు, ఆమెకు నిజంగా గొడవ వద్దు. సమానంగా పంచడం న్యాయంలా కనపడుతుంది, చాలాసార్లు అది మాట్లాడుకోకుండా తప్పించుకోవడానికి దొరికిన దారి. ఎవరికెంత కావాలి, దేనికి, ఎలా కడతారు అని అడగాల్సిన పని తప్పుతుంది. మైక్రో క్రెడిట్ ప్లాన్ అని మనం ఒక్కో ఇంటి అవసరం, కట్టగలిగే శక్తి రాసుకునేది అందుకే. కానీ దాన్ని ముందే పంచుకున్న మొత్తానికి సరిపోయేలా తర్వాత నింపే గ్రూపులు నేను చాలా చూశాను.

ఆ మీటింగులో తప్పు నాది కూడా. ఆమెను అందరిలోనూ ఆఖరున అడిగాను. పదిమంది ముందు అప్పటికే ఒక నిర్ణయం అయిపోయినట్టు కనపడుతుంటే, పట్టా చివర కూర్చున్న మనిషి ‘కాదు’ అని ఎలా అంటుంది? అప్పటినుంచి నేను వెళ్లిన ప్రతి గ్రూపులో ఒక్క పద్ధతి మార్చాను. లీడర్లు ఆఖరున మాట్లాడాలి. ఎప్పుడూ మాట్లాడని మనిషితో మొదలుపెట్టి, చాప మీద వరుసగా వెళ్లాలి. ఒకరి మాట అయ్యేదాకా ఇంకొకరు అందుకోకూడదు. మొదటి చుట్టులో ‘అవును’, ‘కాదు’ ఉండకూడదు, ‘నాకు ఏం కావాలి, ఎందుకు’ అన్నది మాత్రమే. మీ గ్రూపుకు నేను ముందు చెప్పే పని ఇదే.

రెండో చుట్టు ఇంకా ముఖ్యం. అందులో ఎవరి మాట వాళ్లు చెప్పకూడదు. తలా లక్ష అన్న ఐదుగురిలో ఒకామె లేచి, అవసరం అన్నవాళ్ల మాటను వాళ్లు ‘ఔను, నేనన్నది అదే’ అనేలా చెప్పాలి. అవసరం అన్నామె వంతు అన్నవాళ్ల మాట చెప్పాలి. వంతు అన్నామె సమానం అన్నవాళ్ల మాట చెప్పాలి. మొదట్లో నవ్వుతారు, సిగ్గుపడతారు. ఒకసారి ఇలా చేయిస్తే, ‘వంతు’ అంటున్న ఇద్దరికి అసలు కోపం డబ్బు గురించి కాదని బయటపడింది. పోయినసారి తమను అడగకుండానే ‘వీళ్లకు తక్కువ చాల్లే’ అని ఎవరో అనేశారని కోపం. మీ ముగ్గురి విషయమూ అలాంటిదే అయ్యుండొచ్చు, విని చూడండి. ‘మాకు తక్కువ ఇచ్చారు’ అనే మాట కింద చాలాసార్లు ‘మమ్మల్ని అడగలేదు’ అనే మాట ఉంటుంది.

ఈ రెండు చుట్లూ అయ్యాక అదే రోజు తేల్చేయొద్దు. ఇది నేను పక్క రాష్ట్రం నుంచి నేర్చుకున్నాను. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా, మన తెలంగాణకు ఆనుకునే ఉంటుంది. అక్కడ మేండా లేఖ అని ఒక గోండుల ఊరుంది. ‘దిల్లీ, ముంబయిలో మా సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు’ అన్న నినాదం ఆ ఊరిదే. వాళ్లు గ్రామ సభలో ఓటు పెట్టరు, అందరూ ఒప్పుకున్నాకే తీర్మానం. పైన నేను చెప్పిన ఇబ్బంది వాళ్లకెందుకు రాలేదన్నది అసలు ప్రశ్న. వాళ్లకు గ్రామ సభ వేరు, అభ్యాస గట్ వేరు. అభ్యాస గట్ అంటే చదువుకునే, తెలుసుకునే కూటమి. ఇష్టమున్నవాళ్లు కూర్చుని ఒక సంగతి మీద ఎంతసేపైనా మాట్లాడుకుంటారు, బయటివాళ్లను పిలిచి అడుగుతారు. అక్కడ నిర్ణయం తీసుకోరు. నిర్ణయం తీసుకోని చోట ఓడిపోవడం ఉండదు, అందుకని మనసు మార్చుకోవడానికి సిగ్గుండదు. తర్వాత గ్రామ సభకు వచ్చేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. ఆ ఊరే 2009లో అటవీ హక్కుల చట్టం కింద దాదాపు 1,800 హెక్టార్ల అడవిపై సామూహిక హక్కు తెచ్చుకుంది. 2011లో తన వెదురును తానే అమ్ముకునే హక్కు సాధించింది.

మనకూ ఇది కొత్తేం కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో రోశమ్మ, మిగతా ఆడవాళ్లు సారా మీద కదిలింది ఒక్క రోజు తీర్మానంతో కాదు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, సారా పాఠం చదువుకుంటూ, ఎవరింట్లో ఏం జరుగుతోందో రోజూ చెప్పుకున్నారు. ముందు మాట కలిసింది. ఆ తర్వాతే ఊళ్లోకి సారా రానివ్వకూడదన్న నిర్ణయం వచ్చింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చేదాకా అది పాకింది. నెల్లూరు ఆడవాళ్ల పొదుపు సంఘాలు బలపడింది కూడా ఆ ఊపులోనే.

కాబట్టి మీ మొదటి మీటింగులో మాటలు, రెండో మీటింగులో తీర్మానం. మధ్యలో వారం రోజులు. ఆ వారంలో ఒక పని చేయండి, చార్టు మీద అంకెలు రాసి గోడకు అంటించండి. పోయిన రెండు లింకేజీల్లో ఎవరు ఎంత తీసుకున్నారు, ఎంత కట్టారు, ఇంకెంత ఉంది, మన పొదుపు ఎంత. లక్ష అప్పు 36 నెలల్లో తీర్చాలంటే అసలు కిందే నెలకు దాదాపు 2,780 రూపాయలు పడుతుంది, వడ్డీ అదనం. ఇది పెద్ద అక్షరాలతో రాయండి. చదవలేనివాళ్లుంటే బుక్ కీపర్‌తో పైకి చదివించండి. అనంతపురం, కర్నూలు, ప్రకాశం లాంటి కరువు జిల్లాల్లో 2000ల మధ్యలో రైతులు భూగర్భ జలాల లెక్క ఇలాగే చేశారు. వానమాపకంలో ఎంత పడిందో, బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తామే కొలిచి, రబీకి ముందు అందరూ కూర్చుని ఊరి నీటి బడ్జెట్టు గోడ మీద రాసుకున్నారు. వరి వెయ్యొద్దని ఎవరూ ఎవరికీ ఆంక్ష పెట్టలేదు, ఓటూ పెట్టలేదు. నీళ్లెన్ని ఉన్నాయో, అనుకున్న పంటలకు ఎన్ని కావాలో రెండు అంకెలు పక్కపక్కన కనపడేసరికి చాలామంది ఎవరికి వాళ్లే పంట మార్చుకున్నారు. అంకె అందరి కళ్ల ముందూ ఉంటే ఎవరి గొంతు పెద్దదన్నది అంతగా పని చెయ్యదు.

రెండో మీటింగులో పద్ధతి తేల్చేటప్పుడు చింతగింజలు వాడండి. ఇది నేను ఎన్నోసార్లు చేశాను. మూడు మూత కుండలు, లేదంటే మూడు డబ్బాలు ఒక గదిలో పెట్టండి. ఒకదాని మీద సమానం, ఒకదాని మీద అవసరం, ఒకదాని మీద వంతు. చదవలేనివాళ్ల కోసం బొమ్మలు గీయండి. ఒక్కొక్కరికి పది గింజలు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి తమ పది గింజల్ని ఇష్టం వచ్చినట్టు మూడింట్లో వేసి రావాలి. పదీ ఒకదాంట్లోనే వేయొచ్చు, ఆరు-నాలుగుగా వేయొచ్చు. చేతులెత్తితే ‘ఔను’, ‘కాదు’ మాత్రమే తెలుస్తుంది. గింజల్లో ఎంత గట్టిగా కోరుకుంటున్నారో తెలుస్తుంది. మీ 120 గింజలు చాలావరకు రెండు మూడు కుండల్లో పంచబడి ఉంటాయని నా అనుభవం. ఐదుగురు, నలుగురు, ముగ్గురు అని మీరనుకుంటున్న పక్షాలు నిజంగా అంత గట్టివి కావు. ఆ గింజల లెక్కే తీర్పు అనుకోవద్దు. దాన్ని చాప మధ్యలో పోసి, ‘చూడండి, సమానానికి ఇన్ని, అవసరానికి ఇన్ని. రెండూ కలిసేలా ఏం చేద్దాం’ అని అడగండి.

అప్పుడు కలిపే దారులు వాళ్ల నోటి నుంచే వస్తాయి. ఒక గ్రూపులో వచ్చిన దారి చెబుతాను, మీ అంకెలతో. కావాలన్న ప్రతి మనిషికీ కనీసం 30 వేలు. అందరూ తీసుకుంటే అది 3 లక్షల 60 వేలు అవుతుంది. మిగిలిన 8 లక్షల 40 వేలు అవసరాన్ని బట్టి, కట్టే శక్తిని బట్టి. ఇద్దరి అవసరం ఒకేలా ఉంటే పోయినసారి తక్కువ తీసుకున్న మనిషి ముందు. మూడు పక్షాల మాటా ఇందులో ఉంది చూడండి. కానీ దీన్ని మీరు తీసుకెళ్లి ‘అక్క ఇలా చెప్పింది’ అని పెట్టొద్దు. బయటినుంచి వచ్చిన మంచి దారి కన్నా, లోపల పుట్టిన ఓ మోస్తరు దారికి ఎక్కువ రోజులు కట్టుబడతారు. అది నేను ఏళ్ల తరబడి చూశాను.

పద్ధతి తేలాకే పేర్లు. ఎవరి అప్పు గురించి మాట్లాడుతున్నారో ఆమె తన అవసరం చెప్పుకున్నాక, తేల్చేటప్పుడు ఆమె ఆ మాటలో ఉండకూడదు. లీడరు అప్పు వచ్చినప్పుడు మీటింగు ఇంకొకరు నడపాలి. మీ అప్పు వచ్చినప్పుడు మీరు కూడా లేచి పక్కన కూర్చోండి.

ఇక ఓటు ఎప్పుడు పెట్టాలి? రెండు చుట్ల మాటలూ, వారం గడువూ అయ్యాక ఇంకా తేలకపోతే పెట్టండి. కానీ ఎంతమంది ఒప్పుకుంటే చెల్లుతుందో ఓటు కన్నా ముందే, ఫలితం తెలియక ముందే రాసుకోండి. నేనైతే 12 మందిలో 8 మంది అంటాను. మామూలు విషయాలకు, మీటింగు ఏ వారం పెట్టుకోవాలి లాంటివాటికి, సగం కన్నా ఒకరు ఎక్కువైతే చాలు. డబ్బు విషయంలో ఏడుగురు ఐదుగురి మీద గెలిస్తే, ఆ ఐదుగురి హామీ కూడా అదే అప్పు మీద ఉంటుందని మర్చిపోవద్దు. వాళ్లు కట్టడం మానేస్తే గెలిచిన ఏడుగురూ కట్టాలి. ఒక మనిషి గురించి, అంటే ఈమెను గ్రూపులో ఉంచాలా వద్దా లాంటి దాని గురించి ఎన్నడూ చేతులెత్తి ఓటు పెట్టకండి. చీటీలే వేయండి.

ఇద్దరు సరిసమానంగా నిలిస్తే చీటీ తీయడానికి సంకోచించకండి. అది తప్పించుకోవడం కాదు. కాంచీపురం దగ్గర ఉత్తిరమేరూరులో పదో శతాబ్దం నాటి చోళుల శాసనాలున్నాయి. ఊరి సభలోని వారియాలకు, అంటే కమిటీలకు, సభ్యుల్ని ఎలా ఎంచుకోవాలో వాటిలో ఉంది. 30 పేటల్లో అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి, కుండలో వేసి, ఏమీ తెలియని పిల్లాడితో తీయించేవాళ్లు. ఆ సభలో భూమి ఉన్న బ్రాహ్మణ మగవాళ్లకే చోటు, మన సంఘాలతో దానికి పోలిక లేదు. కానీ చీటీకి ముందు వాళ్లు పెట్టిన కట్టడి మాత్రం తీసుకోదగ్గది. లెక్కలు అప్పజెప్పని మనిషీ, అతని దగ్గరి బంధువులూ కుండలోకి రాకూడదు. గత మూడేళ్లలో పదవి చేసిన మనిషి రాకూడదు. మీ గ్రూపులో లీడర్లను మార్చేటప్పుడు కూడా ఈ రెండూ పెట్టుకోండి. ఎనిమిదేళ్ల గ్రూపులో లీడర్లు ఎన్నిసార్లు మారారు? మీరు రాయలేదు గానీ, ఒక్కసారైనా మారకపోతే ఈ గొడవకు వేరు అక్కడుందేమో చూసుకోండి.

‘ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి’ అనే సామెత మీ మీటింగులో ఎవరైనా అంటే అక్కడే ఆపండి. ఆ మాట పడ్డాక ఆ మనిషి మళ్లీ నోరు తెరవదు. ‘నలుగురితో నారాయణా’ కూడా అలాంటిదే. ఈ రెండు సామెతలూ నేను చూసిన మీటింగుల్లో చేసిన చెడు అంతా ఇంతా కాదు. తమిళనాడు గ్రామ సభల్లో జరిగిన మాటల్ని రికార్డు చేసి పరిశోధకులు లెక్కగట్టారు. ఆడవాళ్లు మాట్లాడటమే తక్కువ, వాళ్లు ఎత్తిన అంశం మీద మాట సాగడం తక్కువ, అధికారి నుంచి సూటి జవాబు రావడమూ తక్కువ అని తేలింది. రిజర్వేషన్ వల్ల ఆడమనిషి ప్రెసిడెంటు అయిన ఊళ్లలో ఆడవాళ్ల మాటకు జవాబు వచ్చే అవకాశం పెరిగింది. మనది ఆడవాళ్ల గ్రూపే కదా అని ఊరుకోకండి. మన చాప మీద కూడా స్తంభానికి ఆనుకుని కూర్చునేవాళ్లు ఉన్నారు. ఊరి గ్రూపులన్నీ కలిసే గ్రామ సమాఖ్య మీటింగులకు వెళ్తే ఇంకా స్పష్టంగా కనపడుతుంది, కుర్చీల్లో ఎవరు, నేల మీద ఎవరు, కాలనీ నుంచి వచ్చినవాళ్లు ఏ మూల. నేను వెళ్లినప్పుడల్లా ముందు కుర్చీలు తీయించేదాన్ని. అందరం కిందే.

వాట్సాప్ సంగతి కూడా చెప్పాలి. ఈ మధ్య చాలా గ్రూపుల్లో లీడరు ఒక మెసేజ్ పెట్టి, ఏడుగురు బొటనవేలు గుర్తు పెడితే తీర్మానం అయిపోయిందంటున్నారు. తర్వాత పుస్తకం ఇల్లిల్లూ తిప్పి సంతకాలు తీసుకుంటున్నారు. అలా చేయకండి. ఫోను ఉన్నవాళ్లు, చదవగలిగినవాళ్లు, వెంటనే జవాబివ్వగలిగినవాళ్లే అందులో ఉంటారు. మీటింగు తేదీ చెప్పడానికి వాడండి, అంతే. అందరూ కూర్చున్నచోటే సంతకం జరగాలి, తీర్మానం పైకి చదివాక జరగాలి.

తీర్మానంలో ‘ఏకగ్రీవంగా’ అన్న మాట అలవాటుగా రాయొద్దని మీ బుక్ కీపర్‌కు చెప్పండి. ఒప్పుకోనివాళ్ల మాట కూడా రాయాలి, ఎందుకు ఒప్పుకోలేదో ఒక్క వాక్యంలో. నేను ఇది మొదలుపెట్టినప్పుడు పైవాళ్లకు చెడుగా కనపడుతుందని కొందరు లీడర్లు భయపడ్డారు. కానీ తన మాట పుస్తకంలో ఉందని తెలిసిన మనిషి మళ్లీ మీటింగుకు వస్తుంది, కిస్తీ కూడా కడుతుంది. ఆరు నెలల తర్వాత ఆమె చెప్పిందే నిజమైతే, ఆ పేజీ తీసి చూసుకుని పద్ధతి మార్చుకోవచ్చు.

ఆఖరిగా మీతో మాట్లాడటం మానేసినామె గురించి. ఫోన్ చేయకండి, మనిషిని పంపకండి. వచ్చే మీటింగు కన్నా ముందే వాళ్లింటికి మీరే వెళ్లండి. ‘ఒప్పుకోండి’ అనడానికి కాదు. ‘పోయిన మీటింగులో మీరు చెప్పింది నేను పూర్తిగా వినలేదు, ఇప్పుడు చెప్పండి’ అని అడగండి. చెప్పింది చీటీ మీద రాసుకుని, మీరు రాసింది ఆమెకు చదివి వినిపించండి. ‘ఇది మీటింగులో చెప్పొచ్చా, మీ పేరుతోనా, పేరు లేకుండానా’ అని అడగండి. వచ్చే మీటింగులో మొదటి చుట్టు ఆమెతో మొదలుపెట్టండి, ఆమెకు ఇష్టమైతేనే.

రెండో మీటింగు అయ్యాక పుస్తకంలో ఇలా రాయించండి, పేర్లూ అంకెలూ మీవి పెట్టుకుని: ‘ఈ రోజు 12 మందికి 11 మంది హాజరు. పోయిన రెండు లింకేజీల లెక్క అందరి ముందూ చదవడమైనది. అప్పు పంచే పద్ధతి ఈ కింది విధంగా 9 మంది ఒప్పుకున్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు, వారు చెప్పిన కారణం ఇది. ఈ పద్ధతిని ఆరు నెలల తర్వాత మొదటి మీటింగులో మళ్లీ చూడాలి. రాని సభ్యురాలికి ఈ తీర్మానం ఫలానావారు ఇంటికి వెళ్లి చదివి వినిపించాలి.’